తంబురా తీగను తేల్చేది గొంతే

రామదాసు బొమ్మ ఎవరు గీసినా చేతిలో తంబురా, చిడతలు ఉండాల్సిందే. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహశీల్దారై, 17వ శతాబ్దంలో భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న మనకు ఆ రూపంలోనే గుర్తు. ఆయన కీర్తనలు పాడే గోష్ఠుల్లో ఇప్పుడు చాలాచోట్ల శ్రుతిపెట్టె మోగుతోంది. తంబురా మూలన పడటానికి, తగిన తీగ వేసేవాళ్లు తగ్గిపోవడమూ ఒక కారణమని నా అనుమానం.

తంబురాకు నాలుగు తీగలు: పంచమం, రెండు షడ్జాలు, చివర మంద్ర షడ్జం. పొడవు, బిగువు మారకుండా స్వరం ఒక స్థాయి దిగాలంటే తీగ రెట్టింపు లావుండాలి. షడ్జాలకు 30 గేజ్ ఉక్కు తీగ, అంటే 0.315 మి.మీ. వేశామనుకోండి. కింది పంచమానికి అందులో మూడింట ఒక వంతు ఎక్కువ, సుమారు 0.42 మి.మీ. కావాలి, అది 27 గేజ్. మంద్రానికి ఇత్తడి వాడతారు. ఇత్తడి ఉక్కుకన్నా బరువు కాబట్టి 23 గేజ్‌తో, దాదాపు 0.61 మి.మీ.తో సరిపోతుంది. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

ఈ లెక్క మగవారి 1 శ్రుతికి. మీటరు పొడవున ఆ షడ్జం తీగ లాగే బరువు నాలుగు కిలోల పైచిలుకు. భజనలో ఆడవాళ్లు అందుకోగానే అదే తంబురాను బిరడాలు తిప్పి 5 శ్రుతికి ఎక్కిస్తే బరువు తొమ్మిదిన్నర కిలోలు దాటుతుంది. దండి వంగుతుంది, తీగలు ఆనే గుర్రం కింద పలక కుంగుతుంది. ఆడవారి తంబురా చిన్నగా, తీగలు సన్నగా ఉండేది అందుకే. తీగ లావుగా ఉంటే తెగదన్నది ఉత్తమాట. లావు పెరిగితే బలంతోపాటు లాగే బరువూ పెరుగుతుంది. తెంచేది పొడవు, శ్రుతి. అమెరికా పెడల్ స్టీల్ గిటార్ వాద్యకారులకూ ఇదే తంటా: పది తీగల్లో పై శ్రుతికి బిగించే మూడోదే తరచూ తెగుతుంది.

తంబురా నాదంలో అసలు గమ్మత్తు గుర్రం వంపులో ఉంది. తీగ ఆ వంపును ఒరుసుకుంటూ కంపించడం వల్ల అనుస్వరాలు పుడతాయని సి.వి. రామన్ 1921లోనే రాశారు. తీగకూ గుర్రానికీ మధ్య నూలుదారం జరిపేది ఆ ఒరిపిడి కుదరడానికే. తీగ మరీ వదులైతే గరగర, మరీ బిగుసుకుంటే మూగనోము. ఏ దారమూ దాన్ని బాగుచేయలేదు.

గోదావరి ఒడ్డున వానాకాలం ఉక్కు తుప్పు పడుతుంది, ఇత్తడి నల్లబడుతుంది. పాడాక పొడిగుడ్డతో తుడిచి, బిరడాలు కాస్త వదులు చేయండి. తీగలు మార్చేటప్పుడు ఒకటి తెగిందని ఒకటే కాకుండా నాలుగూ కొనండి. కొట్టువాడికి మీ శ్రుతి, గుర్రం నుంచి పైన తీగ ఆనే చోటుదాకా తంబురా పొడవు చెప్పండి. ఆ రెండూ అడగకుండా తీగ చేతిలో పెట్టేవాడి దగ్గర కొనకండి.