తాకక చేయు శుశ్రూష

మన యిండ్లలో శిరస్సునకు చేయు సేవయంతయు వ్రేళ్ళ బలము మీద నడచునది. నడినెత్తిని నూనె పెట్టి, మాడునకు ఇంకువఱకు అఱచేతితో మర్దించి, కుంకుడు రసముతో రుద్ది రుద్ది కడిగిననే గాని తలంటినట్లు మనకు తృప్తి కలుగదు. కావుననే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకొని వచ్చిన మనిషి తలను సాకుట మన చేతులకు కష్టమైన విద్య. ఏమి చేయవలయుననుట కంటె చేతిని ఎక్కడ ఆపుకొనవలయుననునదియే అందులో ప్రధానము. శస్త్రచికిత్స ఒక్క పూట పని. తరువాతి పక్షము ఇంటివారిది. మా తమ్ముని విషయమున ఆ పని నా పాలబడినది, నేను దానిని ఇష్టపడియే చేసితిని.

బట్టతల వచ్చినవారికి గూడ పెడతల జుట్టు నిలిచియుండుట అందఱెఱిగినదే. ఆ కుదుళ్ళను తీసి ముందుభాగమున నాటినను అవి తమ పూర్వస్వభావమును విడువక పెరుగునని, న్యూయార్కు చర్మవైద్యుడు నార్మన్ ఒరెంట్రైక్ 1952లో ఆరంభించిన చికిత్సల ఆధారమున 1959లో ప్రకటించెను. అంతకు ముందే, 1939లో, జపానులో షోజి ఒకుడా మచ్చలుపడిన తలలకును కనుబొమలకును వెండ్రుకలు నాటిన విధానమును వ్రాసియుండెను గాని, యుద్ధకాలపు కల్లోలములో ఆ మాట పాశ్చాత్యుల చెవిని బడలేదు. నేడు ఒకటి మొదలు నాలుగు వెండ్రుకలు గల ఒక్కొక్క కుదురును వేఱువేఱుగా తీసి నాటుచున్నారు. దానినే వైద్యులు గ్రాఫ్టు అందురు. ఇంటివాడు గ్రహింపవలసిన సంగతి యొకటి యున్నది. నాటిన కుదురునకు తొలి దినములలో సొంత రక్తప్రసారము లేదు. చుట్టునున్న ధాతువులలోని ద్రవమును పీల్చుకొని అది ప్రాణము నిలుపుకొనును. రెండు మూడు దినములకు సన్నని రక్తనాళములు దానిని చేరనారంభించును. ఇంచుమించు పది దినములు గడచిన గాని లాగినను ఊడిరానంత స్థిరత్వము దానికి రాదు. ఈ నడిమి కాలములో గోరు తగులుట, తువాలుతో ఒత్తుట, నిద్రలో దిండునకు రాచుకొనుట, ఇవియే నిజమైన శత్రువులు.

వైద్యుడు అనుమతించిన నాడు తొలిసారి ఆ తలను కడుగుటకు కూర్చుండి దగ్గఱగా చూచితిని. ప్రతి కుదురు చుట్టును ఆవగింజలో సగమంత నల్లని పక్కు, దాని నడుమనుండి పైకి కనబడుచున్న చిన్న వెండ్రుక. ఒకదానికొకటి తగులకుండ, నుదుటి మీదినుండి వరుసలు వరుసలుగా. పసిపిల్లల షాంపూను గిన్నెలో ముందుగనే గిలకొట్టి, ఆ నురుగును మాత్రము అఱచేతినుండి తలమీదికి దింపి, కొన్ని నిమిషములు దాని పని దానిని చేసికొననిచ్చి, తరువాత చెంబులోని గోరువెచ్చని నీటిని నా వ్రేళ్ళ సందులనుండి జారవిడిచితిని. షవరు ధార పనికిరాదు. తుడుచుట లేదు, గాలికి ఆఱవలసినదే. పది దినములు దాటిన పిమ్మట నురుగును మఱికొంతసేపు నిలిపి, నాని మెత్తబడిన పక్కులను గోరుతో గాక వ్రేలికొన మెత్తనతో మెల్లగా కదల్చితిని. వానితోపాటు ఒకటి రెండు వెండ్రుకలు ఊడివచ్చుట చూచి తమ్ముడు, ‘‘అన్నయ్యా, పోయిందా?’’ అని కంగారుపడినాడు. నెత్తురు రాక వెండ్రుక మాత్రమే వచ్చినచో కుదురు లోపలనే యున్నట్లు. కుదురే లేచివచ్చినచో నెత్తురు చిమ్మును. ఈ భేదమును రోగికి ముందే చెప్పియుంచుట మందుతో సమానము.

నాటిన రెండవ నాటినుండి నాలుగవ నాటి వఱకు నుదురు వాచి, ఆ నీరు కనురెప్పలలోనికి దిగుట కలదు. చూచుటకు భయంకరమే గాని దానంతట అది తగ్గును. వీపు వెనుక దిండ్లు పేర్చి సగము కూర్చున్నట్లుగా పడుకొనవలెను, వంగి పనులు చేయరాదు. మంచుగడ్డ పెట్టినచో నుదుటికే, నాటినచోట ఎన్నడును గాదు. ఎండ, చెమట, హెల్మెట్, వీనికి వైద్యుడు చెప్పువఱకు దూరముగా నుండవలెను. పొగత్రాగుట రక్తనాళములను కుదించునది గనుక దానిని మానుట మఱియు ముఖ్యము. నొప్పి నానాటికి హెచ్చినను, చీము పట్టినను, జ్వరము తగిలినను ఇంటి వైద్యము తగదు.

మా అమ్మకు మాత్రము ఈ నియమములన్నిటిలో నూనె నిషేధమొక్కటియే మింగుడు పడలేదు. ‘‘ఒక్క చుక్క నూనైనా లేకపోతే మాడు ఎండిపోదట్రా?’’ అని ప్రతిదినము కొబ్బరినూనె గిన్నెతో వచ్చెడిది. ఆమె ప్రేమ ఆ గిన్నెలో నున్నదని నేనెఱుగుదును. అయినను మానని గాయముల మీద జిడ్డు చేరుట, దానిని వదలించుటకై మఱల రుద్దుట తగదని చెప్పి, పూర్తిగా మానిన పిమ్మట వైద్యుని అనుమతితో పెట్టవచ్చునని ఒప్పించితిని. అంతవఱకు ఆ నూనెను పాదములకు రాచి తృప్తిపడినది.

అసలు పరీక్ష తలమీది పక్కులన్నియు పోయి ఇక గండము గడచినదనుకొన్న తరువాత వచ్చును. రెండవ వారమునకును ఆఱవ వారమునకును నడుమ నాటిన వెండ్రుకలలో అధికభాగము రాలిపోవును. ఊడ్చిన వరిపైరు మూన తిరుగువఱకు వాడిపోయినట్లు కనబడదా? ఇదియు నట్టిదే. కుదురు విశ్రమించి, మూడు నాలుగు నెలలకు సన్నని నూగుగా మొలకెత్తి, ఇంచుమించు ఏడాదికి గాని నిండుగా కనబడదు. ఈ నడిమి నెలలలో మనుష్యులు అద్దము చూచి క్రుంగిపోవుదురు, కనిపించిన నూనెలన్నియు కొందురు. దీనిని ముందుగ వివరింపక పంపివేయు చికిత్సాలయము తన ధర్మములో సగమే నెఱవేర్చినదని నా అభిప్రాయము. నాటినవి నిలిచినను, నాటని పాత జుట్టు రాలు స్వభావము మారదు. రక్తపుపోటు మందుగా పుట్టిన మినాక్సిడిల్‌ను నేడు వైద్యులు తలకు వ్రాయుట ఆ పాత జుట్టును నిలుపుకొనుటకు గూడ.

అమ్మకు తిరుమల కల్యాణకట్టలో కొడుకు తలనీలములిప్పింతునను మ్రొక్కొకటి యున్నది. నాటిన జుట్టును క్షురకునికి అప్పగింపవచ్చునా యని ఆమె భయపడుచుండగా, మంగలికత్తి చర్మము పైని వెండ్రుకనే కోయును గాని లోని కుదురును ముట్టదని, చర్మము పూర్తిగా గట్టిపడి, జుట్టు నిండుగా వచ్చినతరువాత గుండు చేయించినను మఱల మొలచునని వైద్యుడు చెప్పినాడు. ఏడాది నిండనిమ్మని ఆమె నిర్ణయించినది. తమ్ముడు సెలవులకు అర్జీ పెట్టుకొన్నాడు.