టీకాలు – సంపద మెట్లు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికలలో టీకాల పట్టిక శ్రద్ధగా చదువదగినది. ఇంటి సామగ్రి, గచ్చు, మరుగుదొడ్డి, త్రాగునీరు మొదలగువాటిని లెక్కించి ఈ సర్వే కుటుంబములను ఐదు మెట్లుగా విభజించును. బి.సి.జి., తట్టు టీకాలును, మూడేసి మోతాదులు డి.పి.టి., పోలియో మందులును పొందిన శిశువులు 2005–06లో అడుగు మెట్టున నూటికి 24, పై మెట్టున 71. 2015–16లో ఆ సంఖ్యలు 53, 70. అంతరము తగ్గినందుకు సంతోషింపవలసినదే. కాని పై మెట్టు పదేండ్లలో కదలనేలేదు! కలిగిన ఇండ్లలో నూటికి ముప్పదిమంది మిగిలిపోవుటకు పేదరికము కారణము కాజాలదు గదా.

ఇక సూచిక లోపము. 1985లో ఆరంభమైన సార్వత్రిక టీకాల కార్యక్రమము క్రింద మందు ఉచితమే. అయినను కూలితల్లికి దాని వెల ఒకనాటి కూలి. మిరపకాయల కోత రోజులలో అది చిన్న వెల కాదు. సంపద సూచికలో టెలివిజనుకు స్థానము కలదు, పోయిన కూలికి లేదు.

జిల్లా సగటుతో మరొక చిక్కు. 2019–21 సర్వేనాటికి పల్నాడు జిల్లా లేదు. అది 2022 ఏప్రిల్‌లో ఏర్పడినది. కావున వెల్దుర్తి మండలపు తండాల బిడ్డలును, తెనాలి పట్టణపు బిడ్డలును గుంటూరు జిల్లా అను ఒకే అంకెలో కలిసిపోయిరి. నల్లమల అంచు పల్లెలలో ఎందరు మిగిలిరో ఆ అంకెనుండి తెలియదు.