బాగుండాడు కదా సార్

రక్తం కక్కుకున్న బిడ్డను ఎత్తుకొచ్చే తల్లులు మా ఆసుపత్రిలో దాదాపు ఒకే మాట అంటారు. "నిన్న మాపటి దాకా ఆడుకుంటా ఉండె సార్!" నిజమే. మన దేశంలో పిల్లల రక్తపు వాంతులకు పెద్ద కారణం, కాలేయానికి రక్తం తీసుకెళ్లే పోర్టల్ సిర మూసుకుపోవడం. కాలేయం చాలావరకు బాగానే ఉంటుంది. దారి దొరకని రక్తం అన్నవాహిక సిరల్లోకి మళ్లి వాటిని ఉబ్బిస్తుంది. నొప్పీ గిప్పీ లేకుండానే ఒకరోజు సిర పగులుతుంది. పిల్లల ఒంట్లో కిలోకు సుమారు 80 మిల్లీలీటర్లే రక్తం. 15 కిలోల బిడ్డకు లీటరుంబావు కూడా ఉండదు. అందుకే ముందు నాడి నిలబెట్టి, మత్తిచ్చి, రక్తం ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొట్టం వేశాకే ఎండోస్కోపు పట్టుకుంటాం.

స్కోపు కొనకు తగిలించిన, రబ్బరు బ్యాండ్లున్న మూతలోకి ఉబ్బిన సిరను పీలుస్తాం. తెరంతా ఎర్రబడుతుంది. అక్కడ ఓపిక పట్టాలి. సిర నిండుగా లోపలికి రాకముందే పిడి తిప్పి బ్యాండు వదిలితే అది కొసనే పట్టుకుని ఊడిపోతుంది, రక్తం మళ్లీ మొదలవుతుంది. సరిగ్గా పడితే సిర మెడ బిగుసుకుని నీలిరంగుకు తిరుగుతుంది. మరీ చిన్నపిల్లల గొంతులో ఆ మూత దిగదు; వాళ్లకు సన్నని సూదితో సిరను గట్టిపరిచే మందు ఎక్కిస్తాం.

నా బెంగంతా ఆ తర్వాతి రాకడల గురించే. 1991లో పుట్టపర్తిలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తెరిచినప్పటి నుంచి, ఉచితంగా గుండె ఆపరేషన్ చేయించుకుని ఇల్లు చేరినవాళ్లను ఈ ప్రాంతం చూస్తోంది; అందుకే ఏ జబ్బయినా ఒక్కసారితో తీరిపోతుందనుకుంటారు. కానీ ఈ సిరల జబ్బు అలా పోదు. కొన్ని వారాలకోసారి మళ్లీ స్కోపు వేయాలి, ఉబ్బిన సిరలన్నీ అణిగేదాకా. కొందరికి చివరికి రక్తాన్ని వేరే దారికి మళ్లించే షంట్ ఆపరేషన్ కూడా.

"బాగుండాడు కదా సార్, మళ్లీ గొట్టమెందుకు?" అంటాడు ధర్మవరం నుంచి వచ్చిన తండ్రి. మగ్గం ఆగితే ఆ రోజు కూలి లేదు. ఆయన్ని కోప్పడలేను. కూర్చోబెట్టి తెర మీద సిరలు చూపిస్తాను, ఇంకా మిగిలినవి ఒక్కొక్కటీ వేలు పెట్టి. బ్యాండు రాలిన చోట పుండు పడుతుంది కాబట్టి కొన్నాళ్లు మెత్తని సంగటే పెట్టమంటాను, చెనక్కాయలు వద్దంటాను. జ్వరమొస్తే అంగడిలో ఇచ్చే నొప్పి మాత్రలు వేయొద్దని, పారాసెటమాల్ చాలని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాస్తాను. మలం తారులా నల్లగా పోతే తెల్లవారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే బయల్దేరి రండి.