డార్మాక్ కథయందలి శక్తిగ్రహ విచారము

అమెరికా దేశమున 1991వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీని ప్రసారితమైన ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జెనరేషన్’ అను టెలివిజను కథామాలికయందు 5వ వర్షమునకుఁ జేరిన 2వ భాగమునకు ‘డార్మాక్’ అని పేరు. జో మెనోస్కీయు ఫిలిప్ లజెబ్నిక్కును గథను గల్పింపఁగా, మెనోస్కీ దానికి నాటకరూపము నొసఁగెను. దర్శకుఁడు విన్రిచ్ కోల్బె. ఈ మాలికయందు గ్రహాంతరవాసుల భాషలను యంత్రమొకటి తత్క్షణమే తర్జుమా చేయుట పరిపాటి. ఆ యంత్రమున కీ భాగమున భంగము గలిగినది. ఆ భంగస్వరూపమును విచారించుట శాబ్దికుల కుచితము.

టమేరియను లనువారి పదములను యంత్రము తెలియఁజెప్పును గాని తాత్పర్యము తెలియదు. ఏలయన, వారు తమ పురాగాథలలోని వ్యక్తులను, స్థలములను, సన్నివేశములను మాత్రమే పేర్కొని యభిప్రాయమును సూచింతురు. మనలో నొకఁడు ‘కుంభకర్ణనిద్ర’ యనఁగా, రామాయణ మెఱుఁగనివానికిఁ గుండవంటి చెవులుగలవాని నిద్ర యని యవయవార్థమే తోఁచును. టమేరియనుల భాష యంతయు నిట్టిదే. వారి నౌకాధిపతి యగు డాథను, పికార్డును దనతోఁగూడ నొక నిర్జనగ్రహమునకుఁ జేర్చి కత్తి నందిచ్చును. పికార్డు దానిని ద్వంద్వయుద్ధాహ్వాన మని తలఁచును. ఒక దీవిలో నిరువురు కలిసికొని, యొక్క మృగము నెదిర్చి మిత్రులైన డార్మాక్ గాథను మరల నడపి చూపుటయే డాథను నుద్దేశము.

శక్తిగ్రహమునకు వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివృతి, సిద్ధపదసాన్నిధ్యము అని పూర్వు లెనిమిది యుపాయములు చెప్పిరి. ఆవును దెమ్మని యొక వృద్ధుఁడు పలుకఁగా వేఱొకఁడు తెచ్చుటఁ జూచి బాలుఁ డర్థము గ్రహించునట్టి వ్యవహారమే వీనిలోఁ బ్రథమము. ఈ కథ దీనికి నిదర్శనము. నౌకలోనివారు కోశముల వెదకి డార్మాక్ ఒక గాథయందలి వేఁటకాఁ డనియు, టనగ్రా యొక దీవి యనియుఁ దెలిసికొని యంతటితో నాఁగిపోదురు. గ్రహముపైఁ జలిరాత్రి నిప్పు లేక వణఁకుచున్న పికార్డునకు డాథను మండుచున్న కొఱవిని విసరి, టెంబా యనువాని చాఁచిన చేతులను పేర్కొనును. ఆ మాటకు దాన మర్థమని పికార్డు పిదప నూహించును. కోశము సాధింపలేనిదానిని గొఱవి సాధించెను.

ఇచట నొక పూర్వపక్షము. గాథలను జెప్పుటకు వాచ్యార్థబోధకమగు భాష వలదా? ముఖ్యార్థము బాధితమైనఁ గదా లక్షణ ప్రవర్తించుట! అభిధయే లేనిచో బాలురకు గాథ లెట్లు తెలిసెను? దీనికిఁ గవి సమాధాన మీయలేదు, ఇది దోషమే. వాక్య మఖండము గావున నవయవార్థ మక్కఱలేదని స్ఫోటవాదము నాశ్రయించి సమర్థింతమన్నను గుదురదు. పికార్డు పేరును, చేతుల విన్యాసమును విడఁదీసియే కదా యర్థమును సాధించినది!

అయినను గుణ మీ దోషమును మించియున్నది. మృగముతోఁ బోరు జరుగుచుండఁగా నౌకవారు పికార్డును లాగికొనఁ బ్రయత్నింతురు. ఆ క్షణమున నతఁడు సాయపడలేకపోవుటచే డాథను మరణాంతకముగా గాయపడును. అతనికిఁ బికార్డు గిల్గమేషు, ఎంకిడుల మైత్రిని, ఎంకిడు మృతిని గథగాఁ జెప్పును. డాథను మరణించును. పిమ్మట రెండు నౌకలును బోరుచుండఁగాఁ బికార్డు తిరిగివచ్చి, నేర్చిన గాథానామములతోనే మాటాడి యుద్ధమును మాన్పును. అపుడు టమేరియనుల యుపనాయకుఁడు పికార్డు, డాథనుల పేళ్లను ఆ గ్రహము పేరితోఁ జేర్చి పలుకును. వారి భాషలో నొక క్రొత్త వాక్యము పుట్టినది. సంకేత మెట్లేర్పడునో మన శాస్త్రములు తర్కించినవి; ఆ యేర్పాటునకు మూల్యము ప్రాణమైన సందర్భము నీ కథ చూపినది.

కావున భాషాకల్పనగా నిది పరీక్షకు నిలువదు. శక్తిగ్రహమునకు దృష్టాంతముగా నిలుచును. పర్యాయపదములను వల్లె వేయించి కావ్యార్థము బోధించితిమని తృప్తిపడు మన పాఠశాలలయందు దీనిని జర్చింపఁదగును.