గోడ అవతలివాళ్లకు చెప్పారా?

సామాజిక బాధ్యత అనగానే కంపెనీలకు స్కూలు బ్యాగులు, మంచినీటి ప్లాంట్లు, రిబ్బన్ కత్తిరింపులు గుర్తొస్తాయి. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను సగటు నికర లాభంలో 2 శాతం ఇందుకు ఖర్చు పెట్టమంది. వార్షిక నివేదికల్లో నిగనిగలాడే ఫొటోలు చాలావరకు ఆ పద్దువే. ట్యాంకుల్లో ఏముందో గోడ అవతల కాపురముండేవాళ్లకు చెప్పారా లేదా అన్నది ఆ ఫొటోల్లో కనిపించదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురం ఘాటు వాసనకు ఉలిక్కిపడి లేచింది. కళ్లు మంటలు, ఊపిరాడదు. అది ఏ గ్యాసో, ఎటు పరుగెత్తాలో చెప్పే నాథుడు లేడు. పరుగెత్తుతూనే కొందరు రోడ్డు మీద కుప్పకూలారు. ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి ఎగజిమ్మిన స్టైరిన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది.

ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించేందుకు 36 చోట్ల ఏర్పాటు ఉంది. ఒక్కచోటా మోగించలేదు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చిన సంగతి ఇది.

లీకైన రోజు రాత్రే మళ్లీ లీకైందన్న వార్త పాకింది. పిల్లాజెల్లాతో జనం మళ్లీ రోడ్డెక్కారు. భయం లేదని ఎవరు చెప్పినా నమ్మే స్థితి అప్పటికే పోయింది.

‘చెబితే జనం కంగారుపడతారు’ అన్నది ఆఫీసుల్లో పాత మాట. 1984లో భోపాల్‌లో గ్యాస్ లీకైనప్పుడూ బయటివాళ్ల కోసం ఉన్న సైరన్‌ను కాసేపు మోగించి ఆపేశారు. ఆ దుర్ఘటన తర్వాతే 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్ చేరింది. ప్రమాదం ఏమిటో, వస్తే ఏం చేయాలో కార్మికులతోపాటు చుట్టుపక్కల జనానికీ యాజమాన్యం చెప్పి తీరాలి. 1989 నిబంధనల ప్రకారం లోపల ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరపాలి.

చెప్పడమంటే గేటు దగ్గర ఇంగ్లిషు బోర్డు పెట్టడం కాదు. రసాయనం పేరు, దాని వాసన, చేయాల్సిన పని తెలుగులో ఒక్క కాగితంలో పట్టేస్తాయి. స్టైరిన్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. గాలివాటున కాకుండా దానికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. ఈ రెండు ముక్కలు ముందే తెలిసి ఉంటే వీధిలో కాళ్లు ఎటు కదలాలో తెలిసేది.

విశాఖ దగ్గరి పరవాడలోనో అచ్యుతాపురంలోనో ఫ్యాక్టరీ పక్క వీధిలో టీకొట్టు దగ్గర నిలబడి, సైరన్ మోగితే ఎటు వెళ్తారని నలుగురిని అడిగితే చాలు. డ్రిల్లు గేటు దాటిందో లేదో తేలిపోతుంది.