కైఫియత్తులు – ప్రాంతీయ చరిత్ర రచన: ఒక పరిశీలన

రాయలసీమ గ్రామాల చరిత్రపై వెలువడే సిద్ధాంత గ్రంథాల్లో కైఫియత్తుల వినియోగం విస్తారం, వాటి పరిశీలన స్వల్పం. ఊరి పుట్టుక, గుడి నిర్మాణం, చెరువు తవ్వకం, పాళెగాండ్ర కలహాలు – ఏ అంశానికైనా వాటిలోంచి ఒక వాక్యం తీసి ఆధారంగా చూపడం అలవాటైంది. ఆ వాక్యాన్ని ఎవరు, ఎవరు అడిగితే, ఏ అవసరంతో రాశారన్న ప్రశ్న ఉపోద్ఘాతం దాటి రావడం అరుదు.

కైఫియత్తు స్వతంత్ర చరిత్ర రచన కాదు. అది ఒక జవాబు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1807 వరకు థామస్ మన్రో అక్కడ భూముల కొలతలు, శిస్తు నిర్ణయం జరిపించాడు. ఆ తరువాత కాలిన్ మెకంజీ సిబ్బంది ఊళ్లకు వచ్చి స్థల వృత్తాంతాలు రాసిమ్మని కరణాలను అడిగారు. ఈ సేకరణకు పద్ధతి ఏర్పరచిన కావలి బొర్రయ్య 1803లోనే మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. భూమిని కొలిచిన ప్రభుత్వమే కథనూ అడుగుతున్నది. అగ్రహారం ఏ రాయల కాలంలో ఎవరికి దత్తమైందన్నది కరణానికి గతించిన సంగతి మాత్రమే కాదు, రేపటి లెక్కల్లో నిలవవలసిన హక్కు. దండకవిలెను చూసి రాసినా, ఏది ఎత్తి రాయాలి, ఏది వదలాలి అన్న ఎంపికలో ఈ అక్కర పనిచేయకుండా ఉండదు.

అంతమాత్రాన కైఫియత్తును కట్టుకథగా తోసివేయడం మరొక పొరపాటు. గండికోట కైఫియత్తు ఇందుకు మంచి ఉదాహరణ. కోట నిర్మాణాన్ని కాకరాజుకు ఆపాదించే కథనానికీ అది కాగితంపైకి ఎక్కిన కాలానికీ మధ్య కొన్ని శతాబ్దాల ఎడం ఉంది. ఆ భాగం చెప్పేది కోట పుట్టుకను గురించి స్థానికులు ఏమి నమ్మారన్నది. పెమ్మసాని నాయకుల పతనం, మీర్ జుమ్లా ఆక్రమణ వద్దకు వచ్చేసరికి పరిస్థితి వేరు: ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1652లో గండికోటలో మీర్ జుమ్లాను కలిసి రాసిన వృత్తాంతం పోల్చి చూడటానికి ఉంది. ఒకే రచనలో రెండు రకాల సాక్ష్యం ఉన్నప్పుడు రెంటినీ ఒకే అధస్సూచికతో ఉదహరించడం పరిశోధన అనిపించుకోదు.

వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యంల ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ (2001) కరణాల రాతలో చారిత్రక స్పృహ ఉందని బలంగా నిరూపించింది. వలస పాలనకు ముందు మనకు చరిత్ర లేదన్న వాదానికి అది గట్టి సమాధానమే. అయితే ఆ స్పృహ కంపెనీ సిబ్బంది ఎదుట ఏ రూపం తీసుకుందో తెలియాలంటే రమా మంతెన గ్రంథాన్ని (2012) కూడా పక్కన పెట్టుకోవాలి. సేకరణ ప్రక్రియే కథనాన్ని ముడిసరుకుగా, ‘ఆధారం’గా మార్చిందన్నది ఆమె వాదన. తెలుగు సిద్ధాంత గ్రంథాలు మొదటి పుస్తకాన్ని మెచ్చుకుంటూనే, రెండవది హెచ్చరించిన పనినే చేస్తున్నాయి.

పాఠం సంగతి ఇంకా చిక్కైనది. మెకంజీ కాగితాలు శిథిలమవుతుండగా సి.పి. బ్రౌన్ ప్రతులు రాయించాడు. ‘లోకల్ రికార్డ్స్’గా చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నవి ఇవి. కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా ముద్రించి పరిశోధకులకు గొప్ప మేలు చేసింది. కానీ ముద్రిత సంపుటి కరణం రాతకు ప్రతికి ప్రతి. వర్ణక్రమం, మాండలిక రూపాలపై తీర్మానాలు చేసే భాషా పరిశోధకులు లేఖకుడి చేతిని లెక్కలోకి తీసుకోక తప్పదు.

‘కైఫియత్తుల్లో రాయలసీమ సంస్కృతి’ వంటి శీర్షికలనూ ప్రశ్నించవలసి ఉంది. ఆ పేరు 1928 నంద్యాల సభలతో వ్యాప్తిలోకి వచ్చింది. కైఫియత్తుకు ప్రమాణం ఊరు. దాని చుట్టూ కొండ, ఏరు, పొలిమేర. మాలపల్లె, మాదిగపల్లె ఊరి కథలో దాదాపు కనిపించవు. ఊరి పనులకిచ్చిన మాన్యాల ప్రస్తావన వచ్చిన చోట మాత్రం తలారి, వెట్టి వంటి పేర్లు తొంగిచూస్తాయి. అదే ఊరి శాసనాలనూ మన్రో నాటి ఇనాం లెక్కలనూ కైఫియత్తుతో పక్కపక్కన పెట్టి చదివితే, మూడూ పొసగని చోట కరణం ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో పట్టుబడుతుంది.