పడిశం పూట మజ్జిగ చారు

జలుబు చేసిందంటే తెలుగింట్లో ముందు దూరమయ్యేది పెరుగు గిన్నె. గొంతు గరగరలాడుతుండగా పెరుగన్నం అడిగితే ఇంటిల్లిపాదీ కోప్పడతారు. అలాగని చారన్నంతో ముగించి చెయ్యి కడుక్కోవడం మనవాళ్ల వల్ల కాదు. చివరి ముద్దలోకి కాస్త తెల్లగా, కాస్త పుల్లగా ఏదో ఒకటి పడాలి. ఈ రెంటికీ మధ్య మా పెద్దమ్మ పట్టుకున్న దారి మజ్జిగ చారు. అందరిళ్లలో చేసేదే. ఆవిడ చేతిలో మాత్రం అది దగ్గేవాడి గొంతు కొలతకు కుట్టినట్టుంటుంది.

పని ముందురోజు రాత్రే మొదలవుతుంది. కాచిన పాలు వేలు ఓర్చుకునేంత వేడికి వచ్చాక తోడు వేస్తుంది. తెల్లారేసరికి కమ్మటి పెరుగు. దాన్ని ఫ్రిజ్‌లోకి వెళ్లనివ్వదు. నిన్నటిది ఎంత మిగిలినా ఇందులో కలపదు. పులిసింది గొంతును గీరుతుందని ఆవిడ లెక్క, అది మజ్జిగ పులుసుకు పోతుంది. గరిటె అంచుతో మీగడ పొరను చెదరకుండా ఎత్తి పక్కన పెడుతుంది. మిగిలిన పెరుగును నీళ్లు పోయకముందే కవ్వంతో చిలుకుతుంది. ముందే నీళ్లు పోస్తే గడ్డలు కవ్వానికి దొరక్కుండా తేలిపోతాయి. నున్నగా అయ్యాక గ్లాసు పెరుగుకు మూడు గ్లాసుల నీళ్లు.

అసలు పనితనం ఆ నీళ్లలోనే ఉంది. మజ్జిగను పొయ్యి ఎక్కించదు. నీళ్లను మరిగించి, గోరువెచ్చగా ఆరనిచ్చి, కొద్దికొద్దిగా పోస్తూ కలుపుతుంది. పుల్లటి పెరుగుకు నేరుగా సెగ తగిలితే అందులోని కేసీన్ అనే మాంసకృత్తు ముద్దలు కట్టి, నీరు వేరై, విరిగిపోతుంది. మజ్జిగ పులుసులో సెనగపిండో బియ్యప్పిండో కలిపేది అందుకే. పిండి ఆ ముద్దల్ని కట్టనివ్వదు, పులుసు మరిగినా నిలుస్తుంది. కానీ పట్టేసిన గొంతుకు పిండి చిక్కదనం ఇబ్బంది. అందుకని పెద్దమ్మ పిండినీ, సెగనూ రెంటినీ తప్పించి, వెచ్చదనాన్ని నీళ్ల చేత మోయించింది.

తాలింపూ అంతే పొందికగా ఉంటుంది. చెంచా నేతిలో ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, దంచిన మిరియాలు, అల్లం తురుము, కరివేపాకు, ఇంగువ. వాము తొందరగా మాడుతుంది కనుక చివర్న, పసుపు దించేశాక. చుయ్‌మనే చప్పుడు కోసం ఉబలాటపడదు. మూకుడు కాసేపు చల్లబడ్డాకే మజ్జిగలో ఒంపుతుంది. ఉప్పు వేసి, ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు తాకిస్తుంది. వెచ్చన చాలిందో లేదో అరచెయ్యి చెబుతుంది, ఉప్పు సంగతి నాలుక చెబుతుంది.

"రాత్రికి కొంచెం ఉంచు పెద్దమ్మా."

"రాత్రిపూట చల్లేంట్రా? మిరియాల చారు పెడతాలే."

ఆవిడ చదవకపోయినా చరక సంహిత మాటా అదే. సూత్రస్థానం ఏడో అధ్యాయం పెరుగును రాత్రి తినొద్దంటుంది, వేడి చేసి తినొద్దంటుంది. చిత్రమేమంటే, అదే సూత్రస్థానం 27వ అధ్యాయంలో పెరుగు మేలు చేసే బాధల వరుసలో పీనసం, అంటే ముక్కు పడిశం కూడా ఉంది. భావప్రకాశం అనే మరో ఆయుర్వేద గ్రంథం మీగడనూ నీళ్ల పాళ్లనూ బట్టి మజ్జిగను ఘోలం, మథితం, తక్రం, ఉదశ్విత్తు, ఛచ్ఛిక అని ఐదు రకాలు చేసింది. మీగడ తీసి, నీళ్లు బాగా పోసింది చివరిది. పెద్దమ్మది ఆ కోవ.

మరి పాడి కఫాన్ని పెంచుతుందన్న భయం? 1990లో అచ్చయిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో 60 మందికి కావాలనే జలుబు వైరస్ ఎక్కించి చూశారు. వాళ్లు తాగిన పాలకూ, ముక్కు కారడానికీ లంకె కనిపించలేదు. అయితే పాలు ఎంగిలితో కలిసి గొంతులో చిక్కగా పేరుకున్నట్టు అనిపించడం మాత్రం చాలామందికి అనుభవమే. పెద్దమ్మ పనిచేసింది సరిగ్గా ఆ అనిపించడం మీదే. చిక్కదనాన్ని మీగడతో పాటు ఎత్తేసింది, మిగిలినదాన్ని నీళ్లతో పలచన చేసింది, చలువను వెచ్చదనంతో పోగొట్టింది. ముక్కు మూసుకుపోయి రుచి తెలియనివాడికి మిరియం ఘాటు, వాము ఘుమఘుమ అందించింది. జలుబు తగ్గించానని ఆవిడ ఏనాడూ అనలేదు. దగ్గు ముదిరినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికే పంపేది. తన వంతు ఆ నాలుగు రోజులూ అన్నం సహించేలా చూడటమే.

ఇంతకీ ఆ మీగడ? అది పక్క కంచానికి పోయేది. నా జలుబు తగ్గిందని నాకు తెలిసేది ముక్కు వల్ల కాదు. ఏదో ఒక మధ్యాహ్నం, అడక్కుండానే, ఆ పొర మళ్లీ నా అన్నం మీద వాలేది.